పరదాలమ్మ పరిచిన పచ్చిక

మా వెనక వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె పరదాలమ్మ. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టి తల నెరిసేదాకా ఇళ్ళకు పరదాలు కుట్టింది. కొలతలకు వచ్చిందంటే మెడలో టేపు, పమిట అంచున వరసగా గుండుసూదులు, చెవి మీద పెన్సిలు. స్టూలెక్కి కిటికీ కొలుస్తూనే ఇంటావిడతో లోకాభిరామాయణమంతా మాట్లాడేది. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన గోడకు కడ్డీలు బిగించేవాడు, ఈమె పరదాలు తగిలించేది. ఆయన పోయాక గోడకు చిల్లులు వేయడం కూడా తనే నేర్చుకుంది.

తర్వాత కొలతలతో పనిలేని రెడీమేడ్ పరదాలు వచ్చాయి. ఆమె కుట్టుగది ఉన్న మేడను పడగొట్టి కొత్తది కడతానన్నాడు యజమాని. మిషను అటకెక్కింది. ఆమె కూతురింటికి చేరింది.

ఇక్కడినుంచి నేను చెప్పబోయేదాంట్లో కొంత ఆమె చెప్పింది, కొంత అల్లుడు చెప్పాడు. ఇద్దరి మాటా పొసగని చోట కూతురి మాటే నమ్మాను.

కూతురింట్లో ఉండటం పరదాలమ్మకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. కూతురు మందుల షాపులో పనిచేసేది, పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. అల్లుడు మంచివాడు. అసలు చిక్కల్లా అక్కడే. అత్తగారు గదిలోకి వస్తే లేచి నిలబడేవాడు. ఆమె టీవీ చూస్తుంటే తను బయటికి వెళ్ళి నిలుచునేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. అల్లుడు కూర్చునే కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు, ఆయన ఇంట్లో ఉంటే గొంతు దించి మాట్లాడేది, "బాబూ, మీరు" తప్ప మరో పిలుపు ఎరగదు.

"మీ ఇద్దరి మర్యాదల మధ్య నేను నలిగి చస్తున్నాను," అనేది కూతురు. "ఇంట్లో ముగ్గురం ఉన్నామా, మూడు పెళ్ళివారి బృందాలున్నాయా?"

అల్లుడి పని ప్లాస్టిక్ గడ్డి పరచడం. పెరడున్నవాళ్ళు పిల్లలు ఆడుకోవడానికి చిన్న కోర్టులు వేయించుకునేవారు. కుక్కలున్నవాళ్ళు బురద బాధ లేకుండా పెరడంతా పచ్చగా కప్పించుకునేవారు. అల్లుడికి ఒక పాత వ్యాను, ఇద్దరు పనివాళ్ళు. వాళ్ళలో పెద్దాయన్ని అందరూ నిదానం అనేవారు. నిప్పంటుకుందన్నా ఆయన నోటినుంచి మొదట వచ్చే మాట అదే.

ఒకరోజు అల్లుడు అన్నం డబ్బా మర్చిపోయి వెళ్తే పరదాలమ్మ పట్టుకెళ్ళింది. ఆ ఇంటి వెనక బ్యాడ్మింటన్ కోర్టు వేస్తున్నారు. అప్పటికే గడ్డి చుట్టలు విప్పి, పక్కపక్కన పరిచి అతికించారు. డబ్బా అల్లుడి చేతికిచ్చి ఆమె ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. కోర్టుకు నట్టనడుమ ఒక గీత కనిపిస్తోంది. ఇటు పక్క గడ్డి ముదురుగా, అటు పక్క లేతగా ఉంది.

ఏమీ అనకుండా ఇంటికొచ్చేసింది. సాయంత్రం కూతురు రాగానే వంటింట్లోకి లాగింది.

"ఒక చుట్ట పోగులు అటు వాలితే పక్కదానివి ఇటు వాలాయే. వెల్వెట్ పరదాకి నేనలా అతుకేస్తే ఆ ఇంటావిడ గుడ్డ తెచ్చి నా మొహాన కొట్టేది."

"ఆయనకే చెప్పొచ్చుగా?"

"అల్లుడికి తప్పులెంచుతానా? నోరు కాలదూ!"

ముందుగదిలో కూర్చున్న అల్లుడికి ఇదంతా వినబడింది. మామూలుగా అయితే మింగి ఊరుకునేవాడే. కానీ ఆ మధ్యాహ్నమే కోర్టు యజమాని వచ్చి చూసి, "ఏంటయ్యా ఇది, నా పెరటికి పాపిడి తీశావు?" అని వెళ్ళాడు. మర్నాడు పొద్దున అల్లుడు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యగారూ, మీకు ఓపికుంటే ఒకసారి కోర్టు దాకా వస్తారా?"

ఆమె పమిట దోపుకుని వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని అరచేత్తో నిమిరి చూసింది. ఒక చుట్టను మొత్తం తిప్పి వేయించింది. రెండు అంచులనూ పోగుల వరసకు వరసకు మధ్యనుంచి తెగేలా కత్తిరించింది. కింద టేపు పరిచి, గమ్ము రాసి, ఒక్క పోగు కూడా గమ్ములో చిక్కుకోకుండా వేళ్ళతో విడదీస్తూ అంచుకు అంచు కలిపింది. లేచి చూస్తే గీత ఎక్కడుందో ఆమెకే దొరకలేదు. నిదానం కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాడు.

అలా మొదలైంది. వీధిలో మాటలూ మొదలయ్యాయి. "పాపం, ఈ వయసులో అల్లుడి కింద పనికి కుదిరింది," అని ఎవరో అంటే కూతురు అక్కడికక్కడే అందుకుంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?" అని. ఆ రోజుల్లో పరదాలమ్మ వీధిలో నడిచే తీరే మారిపోయిందని నాకు బాగా గుర్తు. చేతిలో మోకాలి ప్యాడ్లు ఊపుకుంటూ వెళ్ళేది.

కానీ గుడ్డ గుడ్డే, గడ్డి గడ్డే. రెండో పనిలో ఆమెకు ఎదురుదెబ్బ తగిలింది. ఒక డాక్టరు గారింటి వెనక, గోడకూ గోడకూ మధ్య చిన్న కోర్టు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గోడల మధ్య దూరాన్ని పరదా కొలిచినట్టు కొలిచి, సరిగ్గా దిగేలా కోసి, బిగించేసింది. ప్లాస్టిక్ ఎండకు సాగుతుందని ఆమెకు తెలియదు. ఎండ ముదిరాక గడ్డి నడుమ పొంగి, కోర్టుకు అడ్డంగా కట్ట కట్టినట్టు లేచింది. అప్పటికి ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. అల్లుడు చూశాడు. ఫోను చేయలేదు. మర్నాడు ఆమె రాకముందే తనే వచ్చి, అంచులు ఊడదీసి, కాస్త సందు వదిలి మళ్ళీ బిగించాడు. ఆమెతో ఆ ఊసే ఎత్తలేదు.

సంగతి నిదానం నోరు జారి బయటపెట్టాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని పరదాలమ్మ మెతుకు ముట్టలేదు.

"తప్పు చేశారని మొహానే చెప్పుంటే నేర్చుకునేదాన్ని. చాటుగా సరిచేసి ఊరుకున్నారంటే ఏంటర్థం? నన్నింకా చుట్టం కిందే జమకట్టారన్నమాట."

"అమ్మా, నువ్వు ఆయన తప్పు చెప్పలేదు. ఆయన నీ తప్పు చెప్పలేదు. ఇద్దరూ సరిపోయారు," అంది కూతురు.

వానలు మొదలవుతుండగా అల్లుడి నడుము దెబ్బతింది. ఒక ఇంటి పక్కసందులో చుట్టను ముందు ఆయన, వెనక నిదానం భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారు. మెట్టు మీద నాచు. కాలు జారింది. చుట్ట బరువంతా ఆయన మీద పడింది. వ్యానులో పడుకోబెట్టి తీసుకొస్తుంటే నొప్పికి పెదవి కొరుక్కున్న గాటు ఇప్పటికీ ఉంది. ఎముకల డాక్టరు బల్ల మీద కదలకుండా పడుకోమన్నాడు, బరువులెత్తే మాట కొన్నాళ్ళు మర్చిపొమ్మన్నాడు.

అప్పటికే ఒక పని ఒప్పుకుని ఉన్నారు. ఒక రిటైరైన నర్సమ్మ ఇంటి వెనక కుక్కల పెరడు. ఎవరూ వద్దనుకున్న ముసలి కుక్కల్ని తెచ్చి పెంచుకుంటుంది ఆవిడ. వానకు పెరడంతా రొచ్చు, కుక్కల కాళ్ళకు పుళ్ళు. మాటిచ్చాంగాని ఇప్పుడు కుదరదని ఫోను చేసి చెప్పమన్నాడు అల్లుడు.

"చెప్పడమెందుకు? నేనూ నిదానమూ చేసొస్తాం," అంది పరదాలమ్మ.

అల్లుడూ కూతురూ ఒకేసారి ఆమె వైపు చూశారు. ఆమెకు కుక్కలంటే ప్రాణభయం. ఎప్పుడో స్టూలు మీద నిలబడి కిటికీ కొలుస్తుంటే ఒక కుక్క పిక్క పట్టుకుంది. అప్పట్నించి ఎవరు పరదాలు కావాలన్నా "మీ ఇంట్లో కుక్క ఉందా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

"అక్కడ ఒకటి కాదు అత్తయ్యగారూ..." అన్నాడు అల్లుడు.

"ముసలివేగా. వాటికీ నాలాగే పళ్ళూడుంటాయి లెండి."

నర్సమ్మ కుక్కలన్నిటినీ ఇంట్లో పెట్టి జాలీ తలుపు వేసింది. పరదాలమ్మ ఆ తలుపుకు ఎంత దూరంలో వీలైతే అంత దూరంలో పని మొదలుపెట్టింది. రొచ్చు మట్టి తవ్వి తీశారు. కంకర పోశారు. ఇవన్నీ ఆమెకు కొత్త. ఇదివరకు ఆమె వచ్చేసరికే అడుగు తయారై ఉండేది. అందుకని ఫోనును గోడ మీద ఇటుకకు ఆనించి, వీడియో కాల్లో అల్లుడికి పెరడు కనబడేలా పెట్టారు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోను మొహం మీద ఎత్తి పట్టుకుని చూసేవాడు.

మొదట్లో వినడానికి నవ్వొచ్చేది. "అత్తయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే, ఆ కంకర కొంచెం, అంటే మీకు వీలయితేనే, గేటు వైపు వాలుగా..." అని ఆయన వాక్యం పూర్తయ్యేలోపు నిదానం రెండు తట్టలు వేరే చోట పోసేసేవాడు.

కంకర మీద రాతిపొడి పరిచే రోజు పొద్దున జల్లు పడింది. కప్పు లేని కుప్ప తడిసిపోయింది. పరదాలమ్మ అదేమీ చూడకుండా పొడి పరిపించి, నేలను అదిమే దిమ్మిస యంత్రం స్టార్టు చేయమంది. అంతే, గోడ మీద ఫోను గావుకేక పెట్టింది.

"ఆపండి! అత్తయ్యా! ఆపమంటుంటే! ఎవరు చెప్పారు మీకు? ఆ పొడి ముద్దగా ఉంది, ఇప్పుడు దిమ్మిస వేస్తే గచ్చులా బిగుసుకుపోతుంది. కుక్కల ఉచ్చంతా పైనే నిలుస్తుంది. కళ్ళు పెట్టి చూడాలా వద్దా?"

యంత్రం ఆగింది. నిదానం నేల చూపులు చూశాడు. ఏమన్నాడో అల్లుడికి అప్పుడు తట్టినట్టుంది.

పరదాలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఫోను ముందుకు వచ్చింది.

"అలా చెప్పు మరి!" అంది. "ఇన్నాళ్ళూ గేటు వైపు, వీలయితే, అనుకోకపోతే అని నసుగుతుంటే నాకేం అర్థమవుతుంది? ఎన్నాళ్ళు ఆరబెట్టాలో చెప్పు."

ఆమె నోట "మీరు", ఆయన నోట "గారూ" ఎప్పుడు పోయాయో ఇద్దరూ గమనించలేదని అంటారు. నిదానం గమనించాడు. సాయంత్రం కూతురికి మొదట చెప్పింది ఆయనే.

పొడి ఆరింది, అడుగు గట్టిపడింది, గడ్డి పరిచే రోజు వచ్చింది. పరదాలమ్మ అంచు కోయడానికి వంగి ఉంది. జాలీ తలుపు ఎవరు సరిగ్గా వేయలేదో తెలియదు. వెనక కాలు ఈడ్చుకుంటూ ఒక గోధుమరంగు ముసలి కుక్క వచ్చి, ఆమె కోయబోయే అంచు మీదే తాపీగా పడుకుంది. దాని ఊపిరి ఆమె చేతికి తగులుతోంది. ఆమె బ్లేడును దానికి దూరంగా పక్కన పెట్టింది.

"నిదానం," అన్నాడు నిదానం దూరంనుంచి.

"లే నాన్నా," అంది ఆమె. "నీ కోసమేగా ఈ తిప్పలన్నీ. లేమ్మా."

అది కళ్ళు మూసుకుంది. ఇక చేసేదిలేక పరదాలమ్మ అటు చివరనుంచి కోసుకుంటూ వచ్చింది. దాని దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి దాని గడ్డం ఆమె మోకాలి ప్యాడు మీద ఉంది. ఆ రోజు ఆమె దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు ముట్టుకుంది. ఆ తర్వాత నర్సమ్మ ఎన్నిసార్లు లోపల పెట్టినా అది మూలుగుతూ తలుపు గీకుతుంటే, "రానివ్వండమ్మా, దాని దారిన అది పడుంటుంది," అనడం మొదలుపెట్టింది.

పని అయిపోయాక మొదటి పెద్ద వానకు నర్సమ్మ ఫోను చేసింది. అంతా బాగుందిగాని ఒక మూల నీళ్ళు నిలుస్తున్నాయట. అల్లుడు అప్పుడప్పుడే నడుముకు బెల్టు కట్టుకుని నడుస్తున్నాడు. తనూ వస్తానన్నాడు. వాన వెలవకుండానే ఇద్దరూ వెళ్ళి వెనక చూరు కింద నిలబడ్డారు. పెరడంతా నీళ్ళు పడ్డవి పడ్డట్టే కిందికి ఇంకుతున్నాయి. ఆ మూల మాత్రం మడుగు.

"అక్కడ వాలు వదిలేశావు అత్తయ్యా."

"నువ్వు చెప్పిన వాలే పెట్టాను. ఫోను అడ్డంగా పట్టుకుని చూసుంటావు."

"నేను సరిగ్గానే చూశాను. నువ్వే ఆ పూట ఒకటే తొందరపడ్డావు."

"తొందరా? నిదానంతో పనిచేస్తూ తొందరా?"

నర్సమ్మకు ఎవరి పక్షాన నిలబడాలో తెలియక ఇద్దరికీ తువ్వాళ్ళు తెచ్చిచ్చింది. చివరికి ఆవిడే చెయ్యెత్తి పైకి చూపించింది. డాబా మీది నీళ్ళ గొట్టం విరిగి, ధార అంతా సరిగ్గా ఆ మూలే పడుతోంది. అత్తా అల్లుడూ కాసేపు గొట్టాన్ని చూశారు. తర్వాత అల్లుడు నవ్వబోయి నడుము పట్టుకున్నాడు. ఆమె ఆయన భుజం పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ గొట్టాన్ని ఇంకో వైపు తిప్పి బిగించే పని ఆమెకు కొత్తేమీ కాదు. జీవితమంతా కడ్డీలు బిగించిన చెయ్యి.

అంతా కుదుటపడుతోంది అనుకుంటుండగా ఎముకల డాక్టరు అసలు మాట చెప్పాడు. నడవొచ్చు, వ్యాను నడపొచ్చు. బరువు ఎత్తడం, మోకాళ్ళ మీద వంగి పనిచేయడం ఇక ఎప్పటికీ కుదరదు. అల్లుడు ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కూతురు షాపుకు సెలవు పెట్టి పక్కన కూర్చుంది.

"చేతిలో ఉన్న పని ఇదొక్కటే," అన్నాడు ఆయన ఆమెతో. "అదీ పోయింది. ఇక నేనెందుకు పనికొస్తాను?"

తలుపవతల పరదాలమ్మ విన్నది. ఓదార్చడం ఆమెకు చేతకాదు. భర్త పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్ళ మాటలేవీ తనకు అంటలేదని ఆమే నాతో ఒకసారి అంది. కొంచెంసేపు అటూ ఇటూ తిరిగి, వ్యానులోంచి కోతల్లో మిగిలిన గడ్డి ముక్క, తెల్ల గడ్డి పేలిక, బ్లేడు పట్టుకొచ్చింది. అల్లుడి మంచం మీద, ఆయన పక్కనే పరిచేసింది.

"కోర్టులో తెల్లగీతలు నువ్వు వేసేవాడివి. నాకు రాదు. వచ్చేవారం టెన్నిసు కోర్టు ఉందిగా. లేచి నేర్పు."

"ఇప్పుడు కాదు అత్తయ్యా."

"మరెప్పుడు? కోర్టు వేశాకా?"

ఆమె ఆగలేదు. బ్లేడు తీసుకుని తనకు తోచినట్టు కోయసాగింది. కోత వంకరపోయింది. పక్కకు తిరక్కుండానే ఆ చప్పుడు వింటున్న అల్లుడు ఇక పట్టలేకపోయాడు. "అలా కాదు. కర్ర ఆనించి కోయాలి," అని మెల్లగా బోర్లా తిరిగాడు. పచ్చ గడ్డిలో రెండు కోతలు, మధ్య ముక్క తీసేయడం, అక్కడ తెల్ల పేలిక పొదగడం, కిందనుంచి అతికించడం చూపించాడు. ఆమె మెత్తల అంచున ఉబ్బెత్తుగా పైపింగు కుట్టినట్టే ఉందంది. కాదు, పైపింగు పైన ఉంటుంది, ఇది సమంగా ఉండాలి, బంతి తగిలి పక్కకు పోకూడదు అన్నాడు. దుప్పటి నిండా పచ్చపోగులు. కూతురు వాకిట్లో నిలబడి వాళ్ళను చూసి, ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియక చీపురు తేవడానికి వెళ్ళింది.

టెన్నిసు కోర్టు పూర్తయిన రోజు నేనూ చూడటానికి వెళ్ళాను. అల్లుడు గట్టున కుర్చీ వేసుకుని, దారం పట్టి గీతలు సరిచూస్తున్నాడు. ఒక గీత చూసి తల అడ్డంగా ఊపాడు. పరదాలమ్మ గొణుక్కుంటూనే అది ఊడదీసి మళ్ళీ పెట్టింది.

ఇప్పుడు వాళ్ళ పని అలా పంచుకున్నారు. స్థలం చూడటం, ఇంటివాళ్ళతో మాట్లాడటం, అడుగు వేయించడం అల్లుడివి. పరచడం, అతకడం, గీతలు ఆమెవి. చుట్టలు మోయడానికి మరో ఇద్దరిని పెట్టుకున్నారు. తన పాత కుట్టుగదిలో కాజాలు కుట్టిన ఒకావిడను కూడా పరదాలమ్మ అతుకుల పనికి తెచ్చుకుంది. పరదాలమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. అల్లుడు వానాకాలం వస్తే మెట్ల దగ్గర ఆగిపోతాడు, ఎవరైనా చెయ్యి అందించాలి. అందించేది చాలాసార్లు ఆమే.

మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి భోజనాల వేళ. ఎవరో మేడ మీద కోర్టు కావాలన్నారట. అల్లుడి కుర్చీలో కూర్చుని పరదాలమ్మ వద్దంటోంది. మేడ మీద గాలికి అంచులు లేస్తాయంటుంది. అంచులే కాదు, అడుగంతా గమ్ము వేసి అతికిద్దామంటాడు ఆయన. అప్పుడు వాన నీళ్ళు ఎటు పోతాయని ఆమె. నీకెందుకు, అది నా పని కదా అని ఆయన. నా పనీ నీ పనీ ఏంటి, నీళ్ళు నిలిస్తే ఊడేది నా అతుకే అని ఆమె. కంచాల ముందు ఇద్దరూ వేళ్ళతో బల్ల మీద కోర్టు గీసుకుంటున్నారు.

కూతురు కాసేపు విని, నాకొక కంచం పెట్టి, తన అన్నం తను వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది.